గూస్, మూస్, మంగూస్: ఇంగ్లీషు బహువచనాలు, షష్ఠి, క్రియ

బాతు జాతికి చెందిన పెద్ద పక్షి 'గూస్'. రెండుంటే 'గీస్'. ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగే భారీ దుప్పి 'మూస్'. అది ఒకటైనా పదైనా మూసే. ముంగిసను ఇంగ్లీషులో 'మంగూస్' అంటారు, దాని బహువచనం 'మంగూసెస్'. ఒకే ప్రాసతో వినిపించే ఈ మూడు మాటలూ మూడు దారుల్లో పోతాయి. బడిలో వీటిని 'ఎక్సెప్షన్స్' అని ఒక పట్టికలో పెట్టి బట్టీ పట్టిస్తారు. నిజానికి ఆ పట్టికలోని మాటలు ఊరికే అలా తయారు కాలేదు. గూస్ వెయ్యేళ్ళకు పైబడిన జర్మానిక్ మాట, అందుకే పాతకాలపు బహువచనం దానికి మిగిలింది. మూస్ 17వ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికా మూలవాసుల ఆల్గాంక్వియన్ భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మంగూస్ మన వైపు నుంచి వెళ్ళింది. మరాఠీ 'ముంగూస్', తెలుగు 'ముంగిస' దాని దగ్గరి చుట్టాలు. గూస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు కాబట్టి అది 'మంగీస్' కాలేదు.

ఇంగ్లీషు వ్యాకరణంలో నేర్చుకునేవారిని ఎక్కువగా తికమకపెట్టేవి మూడు: బహువచనం, షష్ఠీ విభక్తి, కర్తకు తగిన క్రియ. మూడింటిలోనూ కనిపించేది ఒకే అక్షరం, ఎస్. నామవాచకం చివర చేరితే బహువచనం, అపాస్ట్రఫీతో చేరితే షష్ఠి, క్రియ చివర చేరితే ఏకవచనం. 'బాయ్స్ గో' అనాలి గాని 'బాయ్స్ గోస్' అనకూడదు. నామవాచకంలో 'చాలామంది' అని చెప్పే గుర్తే క్రియ దగ్గర 'ఒక్కడే' అని చెబుతోంది. మూడు ఎస్‌లూ వేర్వేరు చోట్ల పుట్టి వచ్చినవని తెలిస్తే ఈ తికమక సగం తగ్గుతుంది.

ఎస్ గెలిచిన తీరు

పదకొండో శతాబ్ది దాకా వాడుకలో ఉన్న పాత ఇంగ్లీషులో బహువచనాన్ని అనేక రకాలుగా చేసేవారు. కొన్ని పుంలింగ పదాలకు 'అస్' చేరేది, మరికొన్నిటికి 'అన్', ఇంకొన్నిటికి 'రు'. కొన్ని మాటలకు ఏమీ చేరేది కాదు, లోపలి అచ్చు మాత్రం మారేది. చివరి రకానికి చెందినవే ఫుట్–ఫీట్, టూత్–టీత్, మౌస్–మైస్, మ్యాన్–మెన్. ఒకప్పుడు వీటి బహువచనం చివర ఇకారం లాంటి ధ్వని ఉండేది. దాన్ని పలకడానికి నాలుక ముందుగానే సిద్ధమవుతూ వెనకటి అచ్చును తనవైపు లాగింది. తర్వాత ఆ ఇకారం రాలిపోయింది, మారిన అచ్చు మాత్రం ఉండిపోయింది. ఇంగ్లీషులో రాత విస్తరించకముందే ఈ మార్పు పూర్తయింది.

అప్పట్లో 'బుక్' కూడా ఈ జట్టులోదే. దాని పాత బహువచనం 'బేచ్'. కాలక్రమంలో అది జట్టు వదిలి బుక్స్ అయింది. కాళ్ళు, పళ్ళు, ఎలుకలు, మనుషులు అనే మాటలు మాత్రం పాత రూపాన్ని వదల్లేదు. రోజూ నోట్లో నానే మాటకు పిల్లలు నియమం తెలియకముందే రూపం నేర్చుకుంటారు, అందుకే అది త్వరగా మారదు. తెలుగులోనూ ఇదే జరిగింది. కన్ను–కళ్ళు, పన్ను–పళ్ళు, ఇల్లు–ఇళ్ళు, ఊరు–ఊళ్ళు, చెయ్యి–చేతులు అన్నీ ఒంటికీ ఇంటికీ చెందిన మాటలే. నిన్నమొన్న వచ్చిన సెల్లుఫోను మాత్రం మారుమాట్లాడకుండా సెల్లుఫోన్లు అవుతుంది.

'చిల్డ్రన్' అనే మాటలో రెండు బహువచనాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. పాత రూపం 'చిల్డ్రు'. అందులోని 'రు' బహువచనమని జనం మరిచిపోయాక దానికి మళ్ళీ 'ఎన్' తగిలించారు. 'ఆక్సెన్' ఒక్కటే కల్తీ లేకుండా మిగిలిన పాత 'ఎన్' బహువచనం.

'ఎన్', 'ఎస్' పోటీ ఎంతకాలం నడిచిందో చెప్పే కథను ఇంగ్లండులో మొదటి ముద్రాపకుడు విలియం కాక్‌స్టన్ 1490లో తాను అచ్చువేసిన 'ఎనీడోస్' ముందుమాటలో రాశాడు. థేమ్స్ నది మీద ఓడలో కొందరు వర్తకులు బయలుదేరారు. గాలి లేక ఓడ కదలకపోతే ఒడ్డుకు దిగారు. వాళ్ళలో షెఫీల్డ్ అనే బట్టల వ్యాపారి ఒక ఇంటికి వెళ్ళి తిండికి 'ఎగ్స్' కావాలని అడిగాడు. తనకు ఫ్రెంచి రాదంది ఆ ఇల్లాలు. ఫ్రెంచి తనకూ రాదు కాబట్టి అతనికి కోపం వచ్చింది. పక్కనున్న ఇంకొకడు 'ఐరెన్' కావాలన్నాడు. అప్పుడు ఆమె బాగా అర్థమైందంది. రెండు మాటలకూ అర్థం కోడిగుడ్లే. 'ఎగ్' స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ళు ఉత్తరాన వదిలిన మాట, 'ఐరెన్' దక్షిణాదివాళ్ళ పాత మాట, దాని చివర 'ఎన్' బహువచనం. ఇలాంటి మాటల మధ్య ఏది అచ్చువేయాలో తెలియక కాక్‌స్టన్ నిజంగానే ఇబ్బంది పడ్డాడు. చివరికి ఉత్తరాది మాటా, ఎస్సూ నిలిచాయి.

గెలిచిన ఎస్‌ను పిల్లలు ఎలా పట్టుకుంటారో 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు తేల్చారు. పక్షిలాంటి ఒక వింత బొమ్మ చూపి 'ఇది వగ్' అన్నారు. తర్వాత అలాంటివి రెండు చూపి 'ఇప్పుడు రెండు...' అని ఆపారు. ఆ మాట అంతకుముందు ఏ పిల్లా, పిల్లాడూ విన్నది కాదు, ఎందుకంటే దాన్ని ఆమె అప్పుడే కల్పించారు. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లల్లో అత్యధికులు 'వగ్జ్' అన్నారు, చివర 'జ్' ధ్వనితో సహా. క్యాట్స్‌లో 'స్', డాగ్జ్‌లో 'జ్', హౌసెస్‌లో 'ఇజ్' అని ఒకే అక్షరం మూడు రకాలుగా పలకాలని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పలేదు. అయితే ఈ ప్రయోగంలో మరో విషయం కూడా బయటపడింది. 'గ్లాసెస్' అని సరిగ్గా అనగలిగిన పిల్లల్లో చాలామంది 'టాస్' అనే కల్పిత పదాన్ని 'టాసెస్' చేయలేకపోయారు. చివరే 'స్' ఉన్న మాట వాళ్ళకు అప్పటికే బహువచనంలా వినిపించింది.

పెద్దలూ శతాబ్దాలుగా ఇలాగే పొరబడ్డారు, ఆ పొరపాట్లే భాషలో స్థిరపడ్డాయి. బఠానీకి పాత పేరు 'పీజ్', అది ఏకవచనమే. చివరి ధ్వని విని జనం దాన్ని బహువచనం అనుకున్నారు. ఒక్క గింజకు 'పీ' అనే కొత్త మాట పుట్టింది. 'చెరీ' పుట్టిందీ ఇలాగే, నార్మన్ ఫ్రెంచి 'చెరీజ్' నుంచి. మన హోటళ్ళలో దీనికి ఎదురు నడక కనిపిస్తుంది. 'ఒక మీల్స్ పార్సిల్' అన్నప్పుడు ఇంగ్లీషు బహువచనం తెలుగులో ఏకవచనంగా కుదిరిపోయింది.

'ఎఫ్'తో ముగిసే మాటలది ఇంకో చిక్కు. పాత ఇంగ్లీషులో రెండు అచ్చుల నడుమ పడిన 'ఎఫ్'ను 'వి'గా పలికేవారు. నైఫ్–నైవ్స్, ఉల్ఫ్–ఉల్వ్స్ దాని గుర్తులు. ఫ్రెంచి నుంచి తర్వాత వచ్చిన 'చీఫ్'కు ఆ అలవాటు లేదు, అందుకే 'చీఫ్స్'. 1937లో వచ్చిన రెండు ప్రసిద్ధ కృతులు మరుగుజ్జులను రెండు రకాలుగా పిలిచాయి. డిస్నీ సినిమా 'స్నో వైట్'లో వాళ్ళు 'డ్వార్ఫ్స్', టోల్కీన్ 'ది హాబిట్'లో 'డ్వార్వ్స్'. టొరంటో హాకీ జట్టు పేరు 'మేపుల్ లీఫ్స్', 'లీవ్స్' కాదు. ఇక్కడ లీఫ్ అంటే చెట్టు ఆకు కాదు, ఆ జట్టు ఆటగాడు. అర్థం మారిన మాట పాత బహువచనాన్ని వదిలేస్తుంది.

'ఓ'తో ముగిసే మాటలు ఒక ఉపాధ్యక్షుణ్ణి దేశమంతటా చర్చలో పెట్టాయి. 1992 జూన్‌లో న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్‌లోని ఒక బడికి అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ వెళ్ళారు. ఒక విద్యార్థి 'పొటాటో' అని బోర్డు మీద సరిగ్గానే రాస్తే, చివర ఇంకో 'ఈ' చేర్చమని చెప్పారు. ఆ 'ఈ' బహువచనంలోనే వస్తుంది. పొటాటో, టొమాటో, హీరో లాంటి మాటలకు 'ఈఎస్' చేరితే, ఫొటో, కిలో లాంటి కుదించిన మాటలకూ పియానో లాంటి ఇటాలియన్ మాటలకూ ఎస్ ఒక్కటే చాలు.

అరువు మాటలు

లాటిన్, గ్రీకు నుంచి పండితులు తెచ్చిన మాటలు తమ బహువచనాలను వెంట తెచ్చుకున్నాయి. క్రైటీరియన్–క్రైటీరియా, ఫినామినన్–ఫినామినా, అలమ్నస్–అలమ్నై. 'ఎ క్రైటీరియా' అనడం ఇప్పటికీ తప్పుగానే లెక్క. 'అజెండా' కూడా లాటిన్‌లో బహువచనమే, అయినా ఇంగ్లీషులో దాన్ని ఏకవచనంగా వాడటం ఎన్నడో స్థిరపడింది. ఈ రెండింటి మధ్య నలుగుతోంది 'డేటా'. శాస్త్ర పత్రికలు చాలావరకు 'డేటా ఆర్' అని రాస్తాయి, కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్ళు 'డేటా ఈజ్' అంటారు. 'ఈజ్' గెలుస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 'డేటమ్' అనే ఏకవచనం మామూలు మాటల్లో దాదాపు వినబడటం లేదు మరి.

'యూఎస్'తో ముగిసే ప్రతి మాటకూ 'ఐ' తగిలిస్తే పండితుల మాట అవుతుందనుకోవడం పొరపాటు. ఆక్టోపస్ చివర ఉన్నది పాదం అనే అర్థం గల గ్రీకు మాట, లాటిన్ ప్రత్యయం కాదు. దానికి 'ఆక్టోపసెస్' అనడమే అన్ని విధాలా మేలు. 'సిలబస్' కథ మరీ విచిత్రం. సిసిరో లేఖల తొలి అచ్చు ప్రతుల్లో పుస్తకాల పేర్ల చీటీలను సూచించే 'సిట్టిబాస్' అనే గ్రీకు మాటను తప్పుగా చదివి అచ్చువేయడం వల్ల ఈ మాట పుట్టింది. అసలు లాటిన్‌లో లేని మాటకు లాటిన్ బహువచనం 'సిలబై' కట్టారు. 'సిలబసెస్' కూడా ఒప్పే.

'మదర్-ఇన్-లా'కు బహువచనం 'మదర్స్-ఇన్-లా', ఎస్ అసలు మాటకు చేరుతుంది. షష్ఠి మాత్రం మాటల వరస చివరకు పోతుంది: 'మదర్-ఇన్-లాస్ హౌస్'. వైస్రాయ్‌ల కాలపు పత్రాల్లో కనిపించే 'గవర్నర్స్-జనరల్' కూడా ఈ రకమే. అక్కడ జనరల్ అనేది విశేషణం.

అపాస్ట్రఫీ ఎక్కడిది?

పాత ఇంగ్లీషు షష్ఠికి 'ఈఎస్' అనే ప్రత్యయం ఉండేది, అందులో 'ఈ'ని కూడా పలికేవారు. ఆ 'ఈ' నోటి నుంచి జారిపోయాక, జారిందని చూపడానికి పెట్టిన గుర్తే అపాస్ట్రఫీ. ఫ్రెంచి అచ్చు పద్ధతుల నుంచి 16వ శతాబ్దిలో ఇంగ్లీషుకు వచ్చింది. అయితే ఆ కాలంలోనే ఇంకో నమ్మకం ప్రబలింది. 'కింగ్స్ బుక్' అంటే 'కింగ్ హిజ్ బుక్'కు పొట్టి రూపమని చాలామంది అనుకున్నారు, అలాగే రాశారు కూడా. బెన్ జాన్సన్ 1605లో అచ్చువేసిన నాటకం పేరు 'సెజేనస్ హిజ్ ఫాల్'. వ్యాసకర్త జోసెఫ్ ఆడిసన్ 1711లోనూ ఇదే నమ్మాడు. 1755 నాటి నిఘంటువుతో పాటు రాసిన వ్యాకరణంలో శామ్యూల్ జాన్సన్ దీన్ని ఖండించాడు. ఆడవాళ్ళ విషయంలోనూ ఇదే ఎస్ వస్తుంది గదా, అక్కడ 'హిజ్' ఎలా కుదురుతుందన్నది ఆయన వాదం. దానికి జవాబు లేదు.

ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టి బహువచన షష్ఠిని వేరుచేసే పద్ధతి 18వ శతాబ్ది చివరికి గాని కుదురుకోలేదు. పెద్దలంతా ఇప్పుడు తప్పని దిద్దే, అపాస్ట్రఫీ పెట్టిన 'ఇట్స్' కూడా ఒకప్పుడు తప్పు కాదు. 'దాని' అనే అర్థంలో ఈ మాట 16వ శతాబ్ది చివర్లో పుట్టింది, అంతకుముందు ఆ చోట 'హిజ్' వాడేవారు. పుట్టినప్పుడు దాన్ని అపాస్ట్రఫీతోనే రాసేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం చేతిరాత ప్రతిలో కూడా మొదటి అధికరణంలో అలాగే ఉంది. నేటి నియమం సులువు. 'ఇట్ ఈజ్', 'ఇట్ హ్యాజ్' అని విడదీయగలిగితే అపాస్ట్రఫీ పెట్టాలి. 'దాని' అనే అర్థమైతే పెట్టకూడదు. హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్ దేనికీ అపాస్ట్రఫీ లేదు, దీనికీ లేదు.

ఎస్‌తో ముగిసే పేర్ల దగ్గర న్యాయమూర్తులకే ఏకాభిప్రాయం కుదరలేదు. 2006లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన 'కాన్సస్ వర్సెస్ మార్ష్' కేసులో ప్రధాన తీర్పు రాసిన క్లారెన్స్ థామస్ కాన్సస్ తర్వాత అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టారు. అసమ్మతి తీర్పు రాసిన డేవిడ్ సూటర్ అపాస్ట్రఫీతో పాటు ఇంకో ఎస్ చేర్చారు. మరుసటి ఏడు ఆర్కన్సా రాష్ట్ర శాసనసభ తమ రాష్ట్రం పేరుకు అపాస్ట్రఫీ, ఎస్ రెండూ ఉండాలని తీర్మానమే చేసింది. లండన్‌లోని 'సెయింట్ జేమ్సెస్ పార్క్'కు రెండు ఎస్‌లు, న్యూకాజిల్ ఫుట్‌బాల్ మైదానం 'సెయింట్ జేమ్స్ పార్క్'కు ఒక్కటే. రెండూ ఒప్పే. ఒక రచనలో ఒకే పద్ధతి పాటించడమే ముఖ్యం.

స్థలాల పేర్లలో అపాస్ట్రఫీ ఉంటే ఆ చోటు ఎవరి సొంతమో అన్న అర్థం వస్తుందని అమెరికా భౌగోళిక నామాల మండలి 1890 నుంచి దాన్ని దూరం పెడుతోంది. మసాచుసెట్స్‌లోని 'మార్తాస్ విన్‌యార్డ్' లాంటి అయిదు పేర్లకే మినహాయింపు ఇచ్చింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2009లో వీధి బోర్డుల మీద అపాస్ట్రఫీ వద్దంది. పుస్తకాల దుకాణం వాటర్‌స్టోన్స్ 2012లో తన పేరులోంచి తీసేసింది. దీనికి ఎదురుగా నిలిచిన మనిషి జాన్ రిచర్డ్స్. పాత్రికేయుడిగా పదవీ విరమణ చేశాక 2001లో అపాస్ట్రఫీ పరిరక్షణ సంఘం పెట్టి, తప్పు బోర్డులు పెట్టిన దుకాణాలకు మర్యాదగా ఉత్తరాలు రాశారు. 2019లో 96 ఏళ్ళ వయసులో సంఘాన్ని మూసేశారు. ఒక చిన్న గుర్తు కోసం అంతకాలం ఓపిగ్గా పాటుపడిన ఆయన మీద గౌరవం కలుగుతుంది.

కర్తకు తగిన క్రియ

తెలుగు క్రియ కర్తను చూసి రూపం మార్చుకుంటూనే ఉంటుంది: వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. ఇంగ్లీషు క్రియలో ఆ సంపద దాదాపు అంతా రాలిపోయి, వర్తమాన కాలంలో ప్రథమ పురుష ఏకవచనానికి ఒక ఎస్ మిగిలింది. అదీ ఉత్తర ఇంగ్లండు మాండలికం నుంచి వచ్చింది. దక్షిణాదిలో ఆ చోట 'ఎత్' ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు 'ఎత్' రూపాలే వాడింది. షేక్‌స్పియర్ రెండూ వాడాడు. జనం నోట మాత్రం అప్పటికే ఎస్ స్థిరపడుతోంది.

'యు' అన్నది ఒక్కరినే అయినా 'యు ఆర్', 'యు వర్' అని బహువచన క్రియ ఎందుకు? తెలుగువాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పెద్దాయన ఒక్కరే వచ్చినా 'మీరు వచ్చారు' అంటాం. 'నువ్వు'కు సాటి వచ్చే 'దౌ' అనే మాట ఇంగ్లీషులోనూ ఉండేది. మర్యాద కోసం 'యు' వాడకం పెరిగి, చివరికి 'దౌ'ను వాడుకలోంచి తరిమేసింది. 18వ శతాబ్దిలో ఒక్కరితో మాట్లాడేటప్పుడు 'యు వాజ్' అనడం బాగా వ్యాపించింది. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లోత్ అది తప్పని తేల్చాడు. లేకపోతే ఇప్పుడు ఏకవచనానికి అదే ఒప్పుగా ఉండేదేమో.

సమూహాల పేర్ల విషయంలో అట్లాంటిక్‌కు ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ విడిపోయాయి. బ్రిటన్‌లో 'ది టీమ్ ఆర్' అన్నా ఫర్వాలేదు, అమెరికాలో 'ఈజ్' అనాలి. 'ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ ఫోర్' అని క్రికెట్ వ్యాఖ్యాత అంటే అది బ్రిటిష్ సంప్రదాయమే. అమెరికా తన పేరును కూడా ఒకప్పుడు బహువచనంగానే వాడేది. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణలో 'యునైటెడ్ స్టేట్స్'ను 'దెయిర్' అనే సర్వనామంతో సూచించారు. అంతర్యుద్ధం ముగిశాక 'యునైటెడ్ స్టేట్స్ ఈజ్' అనడం క్రమంగా బలపడింది, పూర్తిగా నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

కర్తకూ క్రియకూ నడుమ ఇంకో నామవాచకం దూరితే ఇంగ్లీషే పుట్టుభాష అయినవాళ్ళూ తడబడతారు. క్యాథరిన్ బాక్, క్యారల్ మిల్లర్ 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో 'ది కీ టు ది క్యాబినెట్స్' లాంటి మొదలు ఇచ్చి వాక్యం పూర్తిచేయమన్నారు. తాళంచెవి ఒక్కటే, అయినా పక్కనున్న 'క్యాబినెట్స్' ప్రభావంతో కొందరు 'వర్' అన్నారు. తిరగేసి 'ది కీస్ టు ది క్యాబినెట్' అని ఇస్తే ఈ తప్పు చాలా అరుదుగా జరిగింది. మనసును పక్కకు లాగేది బహువచనమే.

తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా అడ్డం పడేవి

ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాల్లో సబ్జెక్ట్–వెర్బ్ అగ్రిమెంట్ అంటే నియమాల పొడవాటి జాబితా. ఏ నియమం తెలుగువాడికి ఎందుకు కొరుకుడు పడదో చెప్పేవాళ్ళు తక్కువ. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనే తప్పు తీసుకుందాం. 'నా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు' అనే తెలుగు వాక్యంలో ఫ్రెండ్ ఏకవచనం. 'నా ఫ్రెండ్స్‌లో ఒకడు' అని మనసులో అనుకుని రాస్తే 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్' దానంతట అదే వస్తుంది. బహువచనం గుంపుకు, 'ఈజ్' ఆ ఒక్కడికి.

'పది రూపాయల నోటు', 'అయిదేళ్ళ పాప' అని తెలుగులో బహువచనమే పలుకుతాం. అందుకే 'టెన్ రుపీస్ నోట్' అనేస్తాం. ఇంగ్లీషులో అంకె, కొలత కలిసి విశేషణమైతే ఎస్ రాదు: 'టెన్-రుపీ నోట్', 'ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్', 'త్రీ-డే టూర్'. మొత్తం సొమ్మును ఒక్కటిగా చెప్పేటప్పుడు మాత్రం ఎస్ ఉండి కూడా ఏకవచన క్రియ వస్తుంది: 'టెన్ రుపీస్ ఈజ్ ఇనఫ్'.

వార్తలు, సలహాలు, సామాన్లు, వివరాలు తెలుగులో లెక్కకు వచ్చే మాటలు. వాటికి సాటి వచ్చే న్యూస్, అడ్వైస్, లగేజ్, ఇన్ఫర్మేషన్ ఇంగ్లీషులో లెక్కకు రావు. 'లగేజెస్', 'ఇన్ఫర్మేషన్స్', 'న్యూస్ ఆర్' అన్నవి అక్కడి నుంచే పుడుతున్నాయి. లెక్కపెట్టాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్', 'టూ పీసెస్ ఆఫ్ లగేజ్' అనాలి. పాలు, నీళ్ళు తెలుగులో ఎప్పుడూ బహువచనమే: పాలు పొంగాయి, నీళ్ళు వచ్చాయి. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ ఏకవచనం, వాటి క్రియా ఏకవచనమే. 'పోలీస్' సంగతి మళ్ళీ వేరు. ఆ మాట చివర ఎస్ చేర్చకపోయినా అది బహువచనమే, 'ది పోలీస్ హ్యావ్ అరెస్టెడ్' అనే రాయాలి. ఒక్కరి గురించి చెప్పాల్సి వస్తే 'ఎ పోలీస్ ఆఫీసర్' అనాలి.